'దొమింగో', 'మా భూమి' పాటలు: తొలి రికార్డులో సమష్టి కర్తృత్వం – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాట నోటి నుంచి రికార్డుకు చేరేటప్పుడు కర్తృత్వ భావన ఎలా మారుతుందన్నది ఈ వ్యాసం చర్చించే ప్రధానాంశం. 1967లో వెలువడిన బ్రెజిల్ ఆల్బమ్ 'దొమింగో' ఇద్దరు యువ కళాకారుల ఉమ్మడి తొలి రచన. 1980లో విడుదలైన 'మా భూమి' చిత్రంలోని పాటలు అనేకమంది తొలి ప్రయత్నాల కలయిక. రెండింటిలోనూ సహకారమే పునాది. కాని మొదటిదానిలో ప్రతి పాటకూ కర్త పేరు స్థిరంగా నిలిచింది. రెండవదానిలో గాయకుడి కీర్తి రచయిత పేరును కప్పివేసింది. 'బండెనక బండి కట్టి', 'పల్లెటూరి పిల్లగాడా' పాటలను ఆధారంగా చేసుకొని ఈ తేడాకు గల కారణాలను, దాని ఫలితాలను వ్యాసం పరిశీలిస్తుంది. నేటి తెలంగాణ జానపద గీతాల నమోదుకు ఈ చర్చ ఎలా ఉపకరిస్తుందో చివరలో సూచిస్తుంది.

కీలకపదాలు: సమష్టి కర్తృత్వం, మా భూమి, బండి యాదగిరి, సుద్దాల హనుమంతు, గద్దర్, దొమింగో, వంత, పాఠభేదం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సాహిత్య విమర్శ పాటను చాలాకాలం అక్షరంగానే చదివింది. పాట సాహిత్యాన్ని కాగితం మీద పెట్టి వస్తువు, అలంకారం, భాష అనే శీర్షికల కింద వివరించడం మన పరిశోధనలో స్థిరపడిన పద్ధతి. ఈ పద్ధతిలో పాడిన గొంతు, తోడు నిలిచిన వంత, దాన్ని నమోదు చేసిన యంత్రం విమర్శ పరిధిలోకి రావు. నిజానికి ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో సామాన్య శ్రోతకు పాట పుస్తకం ద్వారా కంటే రికార్డు ద్వారానే ఎక్కువగా చేరింది. కనుక రికార్డు కూడా ఒక పాఠమే. అది చేరిన తర్వాత ఇతర పాఠాల గతి మారిపోతుంది.

ఈ మార్పును పరిశీలించడానికి దూరదేశపు ఉదాహరణ ఒకటి, మన నేల ఉదాహరణ ఒకటి ఇక్కడ స్వీకరించడమైనది. వీటి మధ్య ప్రభావ సంబంధం ఉన్నదన్నది ఈ వ్యాసం వాదన కాదు. ఒకే ప్రశ్నకు రెండు సమాజాలు ఇచ్చిన వేరువేరు జవాబులను పక్కపక్కన ఉంచి చూడటమే ఉద్దేశం. 'మా భూమి' పాటలను ఆల్బమ్ అనడం కొంత వదులైన వాడుక. అవి చిత్రానికి అంగాలు. అయితే చిత్రం చూడని తరాల నోళ్లలో కూడా అవి నిలిచాయి గనుక, స్వతంత్రమైన పాటల సమూహంగా వాటిని పరిగణించడానికి అవకాశం ఉంది.

2. 'దొమింగో': ఇద్దరి తొలి అడుగు:

పోర్చుగీసు భాషలో 'దొమింగో' అంటే ఆదివారం. కాయెతానో వెలోజో, గాల్ కోస్తా కలిసి చేసిన ఈ ఆల్బమ్‌ను ఫిలిప్స్ సంస్థ 1967లో విడుదల చేసింది. ఇద్దరికీ ఇదే తొలి ఎల్పీ. ఇద్దరూ బ్రెజిల్ ఈశాన్యంలోని బయీయా రాష్ట్రం వారు. వెలోజో 1942లో సాంతో అమారో అనే చిన్న పట్టణంలో, కోస్తా 1945లో సాల్వదోర్ నగరంలో జన్మించారు. ఆల్బమ్‌లోని 12 పాటల్లో ఎక్కువ భాగం వెలోజో రచనలు. మిగిలినవి జిల్బెర్తో జిల్, తొర్క్వాతో నేతో, ఎదు లోబో, సిద్నీ మిల్లర్ వంటి సమకాలికులవి. డోరి కాయిమ్మి నిర్మాణ బాధ్యత వహించాడు. వాద్య సమ్మేళనంలో ఆయనతోపాటు ఫ్రాన్సిస్ ఇమే, రొబెర్తో మెనెస్కాల్ పాలుపంచుకున్నారు.

ఈ పాటల శైలి బొస్సా నోవా. 1950ల చివర రియో నగరంలో రూపుదిద్దుకున్న ఈ శైలికి జువావ్ జిల్బెర్తో గొంతు, గిటారు ఒరవడి పెట్టాయి. గొంతు పెంచకుండా, పక్కన కూర్చున్నవారితో మాట్లాడినట్లు పాడటం దీని లక్షణం. 'దొమింగో'లో ఈ గురుత్వం స్పష్టంగా వినిపిస్తుంది. పుట్టిన ఊరు, అక్కడి ఏరు, ఇంటి వరండా, సెలవునాటి ఊరి నెమ్మది ఇందులోని వస్తువులు.

1964లో సైనిక కుట్రతో బ్రెజిల్‌లో ప్రజాప్రభుత్వం కూలిపోయింది. ఆ నేపథ్యంలో ఇంత నెమ్మదైన ఆల్బమ్ పలాయనంగా కనిపించే అవకాశం ఉంది. కాని ఆ నెమ్మది రాబోయే మార్పుకు ముందరి నిలకడ. తన స్ఫూర్తి ఇప్పటికే వేరే దారులు పడుతున్నదని వెలోజో ఆ ఆల్బమ్ అట్ట వెనుకనే రాసుకున్నాడు. మరుసటి ఏడాది, 1968లో, ఈ ఇద్దరూ జిల్, తోమ్ జే, నారా లియావ్, ఓస్ ముతాంచిస్ బృందంతో కలిసి 'త్రొపికాలియా' అనే సమష్టి ఆల్బమ్ చేశారు. ఆ ఏడాది డిసెంబరులోనే వెలోజో, జిల్ అరెస్టయ్యారు. తరువాత లండన్‌లో ప్రవాస జీవితం గడిపారు.

మన చర్చకు ముఖ్యమైన విషయం ఒకటుంది. 'దొమింగో' ఉమ్మడి కృషి అయినా, అందులో ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది. ఏ పాట ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఎవరు వాద్యాలు కూర్చారు అన్నది నమోదై ఉంది. సహకారం ఇక్కడ పేర్లను కరిగించలేదు, పక్కపక్కన నిలిపింది.

3. 'మా భూమి': తొలి అడుగుల కూడలి:

'మా భూమి' చిత్రం గౌతమ్ ఘోష్‌కు దర్శకుడిగా తొలి కథాచిత్రం. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. సాయిచంద్‌కు, తెలంగాణ శకుంతలకు తెర మీద ఇదే మొదటి ప్రవేశం. కథకు ఆధారం కృషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. సంగీత బాధ్యతలో ప్రధానంగా వినిపించే పేరు వింజమూరి సీతాదేవి. 1980లో విడుదలైన ఈ చిత్రం హైదరాబాదులో ఉదయం ఆటగా ఏడాదిపాటు ఆడింది.

ఈ జాబితాను కొంచెం నిలిచి చూడవలసి ఉంది. దర్శకుడు బెంగాలీ. మూలకథ ఉర్దూలోది. సంగీతకారిణి కోస్తా ప్రాంతానికి చెందిన, జానపద గీతాల సేకరణలో, ఆకాశవాణిలో అనుభవం గడించిన విదుషి. గాయకుడు గద్దర్ మెదక్ జిల్లా తూప్రాన్‌వాడు, బుర్రకథ నుంచి జననాట్యమండలి దాకా నడిచినవాడు. పాటలు మాత్రం అంతకు మూడు దశాబ్దాల ముందు తెలంగాణ సాయుధ పోరాటంలో పుట్టినవి. వాటిని రాసినవారు స్టూడియో కోసం రాయలేదు. 'దొమింగో'లో రచయితా గాయకుడూ ఒకే గదిలో ఉన్నారు. 'మా భూమి'లో రచయితకూ గాయకుడికీ మధ్య ఒక తరం, ఒక పోరాటం, ఒక ఓటమి, ఎన్నో నోళ్లు ఉన్నాయి. ఈ దూరమే ఇక్కడి సహకారానికి ప్రత్యేకతను ఇచ్చింది.

చిత్ర వస్తువుకు జనగామ నేలతో ఉన్న సంబంధం తెలిసినదే. నాడు నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలోనే విసునూరు దేశ్‌ముఖ్ పెత్తనం సాగింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఆ దేశ్‌ముఖ్ మనుషుల తూటాకే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను కాపాడుకున్నదీ అతని మీదనే. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరువేరు జిల్లాలయ్యాయి. పాలనా పటం మారినా ఈ ప్రాంతాల పాటల స్మృతిలో ఆ కాలం ఇంకా ఉమ్మడిదే.

4. 'బండెనక బండి కట్టి': సంబోధన మారితే పాట మారుతుంది:

ఈ పాట కర్త బండి యాదగిరి. శ్రోతల్లో చాలామందికి ఇది గద్దర్ పాట. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న ఎడమే ఈ వ్యాసానికి మూలం.

పాట నిర్మాణం సరళమైనది. దొర బలగాన్ని, బండ్ల వరుసను లెక్కపెడుతూ పోయి, ఇంత ఉండి నువ్వు ఎటు పోగలవని నిలదీస్తుంది. లెక్క పెరిగినకొద్దీ దొర పెద్దవాడు కావాలి. కాని పాటలో జరిగేది దానికి విరుద్ధం. ప్రతి లెక్కా అతని దారిని ఇంకొంచెం మూసివేస్తుంది. ఐశ్వర్య వర్ణన బందిఖానా వర్ణనగా మారడం ఈ పాటలోని అసలు వ్యంగ్యం. పైగా దొరను 'కొడుకా' అని పిలవడంలో వెట్టి సమాజపు మర్యాద మొత్తం తలకిందులవుతుంది. 'నీ బాంచెన్' అని నేల చూసిన నోరు ఇప్పుడు పెద్దరికం తీసుకుంది. పిలుపు మారిన క్షణమే తిరుగుబాటు మొదలైందని ఈ పాట చెప్పకనే చెబుతుంది.

ఎవరిని పిలుస్తున్నది అన్నచోట పాఠభేదం ఉంది. పోరాటకాలపు రూపంగా ప్రచారంలో ఉన్న పాఠంలో సంబోధితుడు ఎర్రపహాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి. 1,50,000 ఎకరాల భూమి అతని అధీనంలో ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో పేర్కొన్నారు. చిత్రంలోని పాఠంలో సంబోధితుడు నైజాం సర్కారు. అక్కడ వచ్చే గోలకొండ ప్రస్తావన కూడా రాజ్యాన్ని ఉద్దేశించినప్పుడే సరిగ్గా అమరుతుంది.

ఈ మార్పు వల్ల కలిగిన లాభనష్టాలను వేరువేరుగా తూచాలి. లాభం ఏమిటంటే, ఒక తాలూకా పాట మొత్తం తెలంగాణ పాట అయింది. దొర వెనుక నిలిచిన రాజ్యాన్ని అది నేరుగా పట్టుకున్నది. తరువాతి తరాలు తమ తమ ప్రభుత్వాల మీద ఎక్కుపెట్టడానికి వీలైన రూపం దానికి వచ్చింది. నష్టం ఏమిటంటే, పాటలోని భయం పలచబడింది. ఊరవతల గడీలో ఉన్న మనిషిని పేరు పెట్టి పిలవడానికి కావలసిన తెగువ, కూలిపోయిన రాజ్యాన్ని మూడు దశాబ్దాల తర్వాత పిలవడానికి అవసరం లేదు. మొదటి పాఠం పాడినవాడికి ఆ రాత్రే ప్రమాదం ఉండేది. రెండవ పాఠం చరిత్ర చెబుతుంది.

నోటి పాటలో ఇలాంటి మార్పు దోషం కాదు. ఊరు మారితే దొర పేరు మారడం ఆ ప్రక్రియ స్వభావం. అయితే రికార్డు ఒక పాఠాన్ని ఎన్నుకొని స్థిరపరుస్తుంది. అంతవరకు అన్నలూ తమ్ములూ అయిన పాఠాల్లో ఒకటి పెద్దకొడుకై కూర్చుంటుంది. ఈనాడు ఈ పాట నేర్చుకునే విద్యార్థి చిత్రపాఠాన్నే మూలంగా భావిస్తాడు. పాఠపరిష్కరణలో తాళపత్ర ప్రతుల మధ్య మనం చూపే శ్రద్ధ పాటల పాఠాల మధ్య చూపకపోవడం వల్లనే ఈ స్థితి ఏర్పడింది.

5. 'పల్లెటూరి పిల్లగాడా': నిలదీయని నిరసన:

సుద్దాల హనుమంతు రాసిన ఈ పాట పశులు కాసే జీతగాడి గురించినది. తల్లిపాలు మరచి ఎన్నాళ్లయిందని ఆ పిల్లవాడినే అడగడంతో అతని వయసు తెలుస్తుంది. సంవత్సరాల లెక్క కంటే ఇది తీక్ష్ణమైన కొలత. పాటలో దొర ప్రత్యక్షంగా ఎదుట నిలవడు. పిల్లవాడి ఒంటిమీది బట్ట, కాలి కింది నేల, చేతిలోని కర్ర ద్వారానే వెట్టి వ్యవస్థ కనిపిస్తుంది.

'బండెనక' పాటలో ప్రశ్న శత్రువును అడిగినది. ఇక్కడ ప్రశ్న బాధితుడిని అడిగినది. అది బెదిరింపు, ఇది లాలన. చిత్రంలో ఈ పాటను స్త్రీ కంఠం పాడింది. ఆ ఎంపిక వల్ల పాటకు తల్లి దృష్టి వచ్చింది. హనుమంతు పాఠంలో అంతర్లీనంగా ఉన్న జోలపాట లక్షణం కంఠం ద్వారా బయటపడింది. ఇది కేవలం పాడటం కాదు, వ్యాఖ్యానం. కర్తృత్వంలో గాయనికి వాటా ఉందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

అయినా ఈ పాట విషయంలో రచయిత పేరు మరుగున పడలేదు. హనుమంతు గొల్లసుద్దుల వంటి రూపాలను పోరాట ప్రచారానికి మలచిన కళాకారుడిగా పేరు పొందాడు. ఆయన కుమారుడు సుద్దాల అశోక్ తేజ సినీగీత రచయితగా ఆ స్మృతిని నిలిపాడు. బండి యాదగిరికి అలాంటి ఆలంబన దొరకలేదు. ఒక రచయిత పేరు నిలవడం, మరొకరి పేరు మసకబారడం రచనా గుణం మీద ఆధారపడలేదని ఈ రెండు పాటల చరిత్ర తెలుపుతుంది.

6. గొంతు, మైకు, దూరం:

బొస్సా నోవా శైలి మైకు ఉన్నందువల్ల సాధ్యమైన శైలి. గొంతు తగ్గించినా వినబడుతుందన్న భరోసా దానికి ఆధారం. 'దొమింగో'లో వెలోజో, కోస్తా గొంతులు మైకుకు దగ్గరగా, శ్రోత చెవికి దగ్గరగా ఉంటాయి. ఆ పాటకు ఊహాశ్రోత ఒక్కరే.

గద్దర్ గొంతు దీనికి పూర్తిగా భిన్నమైన శిక్షణ పొందింది. మైకు లేని వాడలో, చివరి వరుసలో నిలిచినవాడికి చేరాలన్న అవసరం నుంచి అది తయారైంది. ఎత్తుగడలోని విసురు, చరణం చివరి లాగుడు, ఊపిరి తీసుకునే చోట బృందం అందుకోవడం అన్నీ దూరాన్ని దాటే ఉపాయాలే. ఇటువంటి గొంతును స్టూడియో యంత్రం పట్టుకున్నప్పుడు దాన్ని నున్నగా చేసే ప్రమాదం ఉంటుంది. 'మా భూమి'లో ఆ పని జరగలేదు. వాద్యాలు గొంతును మించలేదు. గొంగడి, కర్ర, చుట్టూ మనుషులు అనే ప్రదర్శన సందర్భాన్ని తెర నిలుపుకున్నది. శాస్త్రీయ సంగీత నేపథ్యం ఉన్న సంగీతకారిణి తన విద్యను ఎక్కడ వాడకూడదో తెలుసుకోవడం ఈ పాటల విజయంలో పెద్ద భాగం. సహకారంలో కలపడం ఎంత ముఖ్యమో వెనక్కి తగ్గడమూ అంతే ముఖ్యం.

7. వంత: సహకారానికి మన పేరు:

ఉమ్మడి కళాసృష్టి గురించి మాట్లాడటానికి ఆల్బమ్ పరిభాష ఒక్కటే మనకు ఆధారం కానక్కర్లేదు. 'వంత' అనే మాట మనకు ముందే ఉంది. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా ఉన్న వంతలు ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం పలుకుతారు. కథను ఆపుతారు, ప్రశ్నిస్తారు, మలుపు తిప్పుతారు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడికి డోలు, తాళాలు, సహకథకుడి ఊకొట్టు లేకుంటే కథ నడవదు. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథలోను, అదే జిల్లాకు చెందిన, 2024లో పద్మశ్రీ పురస్కారం పొందిన గడ్డం సమ్మయ్య చిందు యక్షగానంలోను సాధించిన కీర్తి వెనుక ఈ బృంద నిర్మాణం ఉంది.

అయితే ఒక తేడాను గుర్తించాలి. ఊరి ప్రదర్శనలో వంత పాడేవారు ఎదురుగా కనిపిస్తారు, వారెవరో ఊరికి తెలుసు. రికార్డులో వంత ధ్వనిగా మిగులుతుంది, మనిషిగా మాయమవుతుంది. వాడలో అవసరం లేని పేరు రికార్డులో అవసరమవుతుంది. ఈ అవసరాన్ని బ్రెజిల్ ఆల్బమ్ సంస్కృతి గుర్తించినంతగా మన జానపద రికార్డు సంస్కృతి గుర్తించలేదు.

8. పేరు పోయే చోట్లు:

'మా భూమి' తర్వాత మూడు దశాబ్దాలకు, 2011లో, ఎన్. శంకర్ దర్శకత్వంలో 'జై బోలో తెలంగాణ' వచ్చింది. దాని సంగీత దర్శకుడు చక్రి మహబూబాబాద్ ప్రాంతంలోని కంబాలపల్లిలో పుట్టినవాడు. అందులో 'పొడుస్తున్న పొద్దు మీద' గద్దర్ రచన, గద్దర్ గొంతు. ఇక్కడ రచయితా గాయకుడూ ఒకరే కావడంతో కర్తృత్వ సమస్య తలెత్తలేదు. మొదటి చిత్రంలో మరొకరి పాటను మోసిన గొంతు, ఈ చిత్రంలో తన పాటను తానే మోసింది.

2024 జూన్ 2న అందెశ్రీ రాసిన 'జయ జయహే తెలంగాణ' కీరవాణి సంగీతంతో రాష్ట్రగీతంగా వెలువడినప్పుడు, తెలంగాణ పాటకు ఈ ప్రాంతం వెలుపలి సంగీతకారుడు ఎందుకన్న విమర్శ వచ్చింది. అవకాశాల పంపిణీ దృష్ట్యా ఆ ప్రశ్నకు న్యాయమైన ఆధారం ఉంది. కళ దృష్ట్యా మాత్రం 'మా భూమి' వేరే పాఠం చెబుతుంది. అక్కడ కూర్చినవారు ఎక్కడివారన్న దానికంటే, వారు ఆ గొంతుకు ఎంత చోటిచ్చారన్నదే ఫలితాన్ని నిర్ణయించింది.

ఇక నేటి స్థితి. జానపద గీతాలు ఇప్పుడు యూట్యూబ్ ద్వారా వెలువడుతున్నాయి. నాటు పెట్టేటప్పుడు, బతుకమ్మ ఆడేటప్పుడు స్త్రీలు పాడుకునే బాణీలు, తండాల్లోని బంజారా స్త్రీల తీజ్ పాటల వరుసలు కొత్త వాద్యాలతో వస్తున్నాయి. పాట కింద 'సేకరణ' అని ఉంటే ఎవరి నుంచో ఉండదు. 'జానపదం' అని ఉంటే ఏ ఊరిదో ఉండదు. ఎవరి నోట నేర్చుకున్నారో ఆమె పేరు తప్ప మిగిలిన పేర్లన్నీ తెర మీద కనిపించే సందర్భాలు తరచు ఎదురవుతాయి. 'జానపదానికి కర్త ఉండడు' అన్న పాఠ్యపుస్తక నిర్వచనం ఈ అలక్ష్యానికి అనుకోకుండా అండ అవుతున్నది. కర్త తెలియకపోవడం వేరు, కర్తను అడగకపోవడం వేరు. బండి యాదగిరి విషయంలో కర్త తెలుసు. తెలిసి కూడా మరిచాము.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• 'దొమింగో', 'మా భూమి' పాటలు రెండూ తొలి అడుగులు, ఉమ్మడి సృష్టులు. మొదటిది సమకాలికుల మధ్య సహకారం, రెండవది తరాల మధ్య సహకారం. తరాల మధ్య సహకారంలో ముందుతరం వారి పేరును కాపాడే బాధ్యత తరువాతివారిదే అవుతుంది.

• 'బండెనక బండి కట్టి' పాటలో సంబోధితుడు దొర నుంచి రాజ్యానికి మారడం వల్ల పాట వ్యాప్తి పెరిగింది, స్థానిక తెగువ తగ్గింది. రెండు పాఠాలనూ పక్కపక్కన బోధించినప్పుడే ఆ పాట చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది.

• గాయకుడు, గాయని, సంగీతకారులు పాటకు వ్యాఖ్యాతలు. వారి వాటాను గుర్తించడం రచయిత వాటాను తగ్గించడం కాదు. గద్దర్ గొంతు గొప్పదనడానికి యాదగిరి పేరు చెరపనక్కర్లేదు.

• రికార్డు ఒక పాఠాన్ని స్థిరపరుస్తుంది గనుక, జానపద గీతాలను నమోదు చేసేవారు పాడినవారి పేరు, ఊరు, తేదీ, వంత పాడినవారి పేర్లు, తెలిసిన పాఠభేదాలు తప్పక పేర్కొనాలి.

చివరి అంశం కళాశాల స్థాయిలో వెంటనే ఆచరించదగినది. ఈ మూడు జిల్లాల డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది ఇళ్లలో పాడే అమ్మమ్మలు, నాయనమ్మలు ఇంకా ఉన్నారు. విద్యార్థి చేతిలోని ఫోనే రికార్డింగ్ యంత్రం. ప్రాజెక్టు పనిగా ఒక్కొక్కరు ఒక్క పాటను, పాడినవారి సమ్మతితో, పూర్తి వివరాలతో నమోదు చేస్తే కొన్నేళ్లలో పాఠభేదాలతో కూడిన ప్రాంతీయ గీతకోశం సిద్ధమవుతుంది. ఆ కోశంలో పాట పక్కన మొదట ఉండవలసినది పాడిన మనిషి పేరు.